ఒక కాలవ, నాలుగు నీళ్లు

చీమకుర్తి నుంచి ఒక సీసా తెచ్చుకున్నాను. ఆ ఊరు వెళ్లినవాళ్లు పూజగదికని నునుపు పట్టించిన నల్లరాతి చెక్క తెచ్చుకుంటారు. నేను తెచ్చింది సైడు కాలవ నీళ్లు. కర్నూలు రోడ్డు పక్కన, టీ బంకు వెనకాల, కాలవ మీద బండ ఒకటి పక్కకు జరిగి ఉంటే ఆ సందులోంచి లీటరు సీసా ముంచాను. టీ కొట్టాయన గ్లాసులు కడగడం ఆపి చూశాడు. "ల్యాబుకాండీ?" అన్నాడు. కాదన్నాను. గ్లాసులు కడిగిన బకెట్ ఎత్తి, నేను సీసా ముంచిన సందులోనే కుమ్మరించి లోపలికి వెళ్లిపోయాడు.

రాత్రంతా సీసా కిటికీ గట్టు మీద ఉంది. పొద్దున చూస్తే లోపల మూడంతస్తులు కట్టింది. అడుగున బొటనవేలి మందాన బూడిదరంగు ముద్ద. పుల్లతో కాస్త తీసి వేళ్ల మధ్య నలిపితే మొహానికి రాసుకునే పౌడరంత మెత్తగా ఉంది. అది రాతిపిండి. దాని మీద పాలగిన్నె కడిగినట్టు తెల్లటి నీళ్లు. అన్నిటికన్నా పైన, వెలుతురు పడితే రంగులు తిరిగే సన్నటి నూనె తెట్టు. మూత తీస్తే ముందు సబ్బు వాసన వచ్చింది. దాని వెనకే రెండో వాసన. అదేమిటో పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు.

ఒక్క లీటరు. చట్టం పుస్తకాలు తిరగేస్తే మాత్రం అందులో నాలుగు రకాల నీళ్లున్నాయి: వాన నీరు, వాడకపు నీరు, మరుగుదొడ్డి నీరు, కార్ఖానా నీరు. ఒక్కోదానికి ఒక్కో పేరు, ఒక్కో నిబంధన, ఒక్కో ఆఫీసు. కాలవకు ఈ సంగతి తెలియదు.

కుడితి తొట్టి లెక్క

మా అమ్మమ్మ ఊరు ఇక్కడికి ఎంతో దూరం లేదు. మిరప, పత్తి పండే నల్లరేగడి నేల. ఆ ఇంట్లో 'వేస్టు నీళ్లు' అన్న మాట నేనెప్పుడూ వినలేదు. బియ్యం కడిగినవి కడుగు నీళ్లు. అన్నం వారిస్తే గంజి. ఈ రెండిటికీ కూరగాయల తొక్కలు, మిగిలిన మజ్జిగ కలిస్తే కుడితి. అది గేదె వాటా, ఇంకొకరు ముట్టడానికి లేదు. జాలారు దగ్గర అంట్లు తోమిన నీళ్లు, ఒళ్లు కడుక్కున్న నీళ్లు చిన్న గాడి వెంట పెరట్లో అరటి పాదుకు చేరేవి. ఎవరైనా పొరపాటున సబ్బునీళ్లు కుడితి తొట్టిలో పోస్తే ఇంటిల్లిపాదీ తిట్టేవాళ్లు. నీటికి పేరు పెట్టారంటే అది ఎక్కడికి పోవాలో కూడా చెప్పేసినట్టే.

ఆ రోజులు తలుచుకుని మురిసిపోదామని చెప్పడం లేదు. ఆ ఇంట్లో మరుగుదొడ్డి లేదు. ఆడవాళ్లు చీకటి పడేదాకా ఆగేవాళ్లు. ఇన్ని నీళ్లకు పేర్లు పెట్టిన ఇల్లు అసలు చిక్కు ఉన్నదానికి పేరూ పెట్టలేదు, చోటూ చూపలేదు. చెంబుతో చెరువు గట్టుకు పంపింది, అంతే.

ఇప్పుడు అన్నిటికీ కలిపి మనం వాడే మాట 'మురుగు', కాస్త మర్యాదగా అయితే 'డ్రైనేజీ'. మురగడం అంటే నిలవుండి కుళ్లిపోవడం. పారే నీరు మురగదు. నిలబెడితే మురుగుతుంది. మాటలోనే జబ్బు ఏమిటో ఉంది. చీమకుర్తి కాలవలో నీళ్లు నిలబడటానికి కారణం నా సీసా అడుగున కూర్చున్న ఆ ముద్ద.

రాయి నలుపు, బురద బూడిదరంగు

ఒంగోలు నుంచి పడమరగా వస్తుంటే ఊరు రాకముందే లారీలు చెబుతాయి. ఒక్కో లారీ మీద ఒకటో రెండో రాళ్లు, గది అంతంత ఉంటాయి. ఆర్.ఎల్.పురం వైపు క్వారీల్లోంచి తీసే ఈ రాయికి వ్యాపారంలో పేరు బ్లాక్ గెలాక్సీ. నల్లటి ఒంటి మీద బంగారు చుక్కలు. ఆ చుక్కలు బంగారం కావు, బ్రాంజైట్ అనే ఖనిజపు మెరుపు. ప్రపంచంలో ఏ దేశంలో ఏ వంటింటి గట్టు మీద ఆ రాయి కనిపించినా దాని పుట్టిల్లు ఈ మండలమే. అంతకుముందు ఈ ఊరి పేరు ఊళ్లు దాటిందంటే హరిశ్చంద్ర నాటకం వల్ల. చీమకుర్తి నాగేశ్వరరావు కాటిసీను పద్యాలు రాత్రుళ్లు మైకుల్లో మోగేవి. ఇప్పుడు పేరు మోసేది రాయే.

రాయిని కోసేది ఇనుమో వజ్రమో అనుకుంటాం. నీళ్లు లేకపోతే అవేవీ కోయలేవు. వజ్రపు పూసలు గుచ్చిన తీగతో కోసినా, పెద్ద చక్రంతో కోసినా, వరసగా బ్లేళ్లు బిగించిన గ్యాంగ్‌సాతో పలకలు తీసినా, రాపిడికి పుట్టే వేడి చల్లార్చడానికి నీళ్లు పడుతూనే ఉండాలి. పాలిషింగ్ అయితే మొదటినుంచి చివరిదాకా తడి పనే. ఆ నీళ్లు రాతిపిండిని మోసుకుని కిందికి దిగుతాయి. కార్మికులు దాన్ని 'స్లర్రీ' అంటారు. ఒడిశా నుంచి వచ్చినా బిహార్ నుంచి వచ్చినా తెలుగు రాకముందే నేర్చుకునే మాట అది. గ్యాంగ్‌సాలో ఇనపగుళ్లతో పాటు సున్నం కూడా కలుపుతారు కాబట్టి ఆ నీటికి క్షారగుణం ఎక్కువ. ఒట్టి చేతులకు రోజూ తగిలితే చర్మం పగులుతుంది.

రాయి ఎంత నలుపైనా దాని పిండి బూడిదరంగే. నీళ్లను గ్రే వాటర్ అనీ బ్లాక్ వాటర్ అనీ విడదీయడం ఇంజనీర్ల అలవాటు. స్నానం, వంటిల్లు, బట్టలు ఉతకడం మొదటిది, మరుగుదొడ్డిది రెండోది. ఈ ఊళ్లో ఎవరికైనా 'బ్లాక్' అంటే డబ్బు, 'గ్రే' అంటే బురద. పాఠ్యపుస్తకం ఇక్కడ తలకిందులవుతుంది.

పద్ధతిగా నడిచే యూనిట్లలో స్లర్రీ ముందు సెటిలింగ్ ట్యాంకులకు పోతుంది. ఒక గదిలో పిండి కూర్చుంటే పైనున్న తేట రెండో గదిలోకి పొర్లుతుంది, అక్కణ్నుంచి మూడోదానికి, తిరిగి మిషన్‌కు. కాస్త పెట్టుబడి ఉన్నవాళ్లు ఫిల్టర్ ప్రెస్ పెట్టుకుని బురదను పిండి, గట్టి పలకలుగా తీస్తారు. నీళ్లు కొనుక్కునే చోట ఇది పర్యావరణం మీద ప్రేమ అనుకోనక్కర్లేదు, ఖర్చు లెక్క. తిరకాసు వచ్చేది మిగిలిన బురద దగ్గర. దాన్ని ట్రాక్టరుకెక్కించి ఊరి బయట పోస్తే ఎండలో ఆరి, గాలికి లేచి, మిరప ఆకుల మీద తెల్లగా కూర్చుంటుంది. వాన వస్తే అదే మళ్లీ బురదై కాలవ పడుతుంది. కాలవలో నీటికి వేగం తగ్గిన ప్రతి మలుపులో అడుగుకు దిగి, కొన్నాళ్లకు పార గుచ్చుకోనంత గట్టిపడుతుంది. దాని వెనక వీధి మొత్తం నీళ్లు నిలబడతాయి, మురుగుతాయి.

చట్టం ఏమని పిలుస్తుంది?

1974 నాటి జలకాలుష్య నివారణ, నియంత్రణ చట్టం మొదటి పేజీల్లో నిర్వచనాలుంటాయి. లాయర్లు తప్ప ఎవరూ చదవరు గానీ, చీమకుర్తి కాలవ దగ్గర నిలబడి చదివితే అవి బోలెడు కబుర్లు చెబుతాయి. ఆ చట్టం ప్రకారం 'సీవర్' అంటే భూమిలో పాతిన గొట్టమే కానక్కర్లేదు. మురుగునో కార్ఖానా నీటినో మోసే కాలవ ఏదైనా, పైన మూత ఉన్నా లేకపోయినా సీవరే. అంటే టీ బంకు వెనక కాలవకు ఆ హోదా ఉంది. 'ట్రేడ్ ఎఫ్లుయెంట్' అంటే పరిశ్రమ జరిగే ఆవరణలోంచి బయటికొచ్చేది, ఇంటి మురుగు కానిది. ద్రవమే అవ్వాలని లేదు, వాయువైనా, గట్టి పదార్థమైనా సరే. కాబట్టి "మేం నీళ్లు వదలడం లేదు, మట్టి పోస్తున్నాం" అన్న జవాబు ఆ చట్టం ముందు చెల్లదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది 'స్ట్రీమ్' నిర్వచనం. నది, ఏరు, వాగు, పారుతున్నదైనా ప్రస్తుతానికి ఎండినదైనా, భూమి లోపలి నీరు కూడా స్ట్రీమే. ప్రకాశం జిల్లా కోసమే రాశారా అనిపిస్తుంది. ఏడాదిలో చాలా నెలలు ఇసుకో ముళ్లకంపో తప్ప నీళ్లు కనపడని వాగులు మనవి. ఎండిపోయింది కదా అని అందులో బురద పోసినవాడు చట్టం దృష్టిలో నదిలో పోసినట్టే. చేరువలోని రామతీర్థం జలాశయానికి సాగర్ కుడికాలువ నీళ్లు ఎప్పుడొస్తాయా అని ఎదురుచూసే ప్రాంతంలో, ఎండిన వాగుకు ఆ మర్యాద దక్కడం న్యాయమే.

ఇప్పుడు అంకెలు. 1986 పర్యావరణ పరిరక్షణ నియమాల ఆరో షెడ్యూలులో, పరిశ్రమల నీరు ఎక్కడికి వదిలితే ఎంత శుభ్రంగా ఉండాలో పట్టిక ఉంది. నీటిలో తేలాడే పిండి, నలకలు వాగుల్లోకి, చెరువుల్లోకి అయితే లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటకూడదు. పబ్లిక్ సీవర్‌లోకి అయితే 600 దాకా సడలింపు. నూనె, జిడ్డు వాగుకు 10, సీవర్‌కు 20. బీఓడీ వాగుకు 30, సీవర్‌కు 350. ఈ బీఓడీ ఏమిటంటారా? నీళ్లలోని కుళ్లును తినడానికి సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ లాగేస్తాయో చెప్పే కొలత. ఎండాకాలం చెరువులో నీళ్లు చెడినప్పుడు చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచి గాలి మింగుతుంటాయి చూడండి, ఆ అంకెను వాటి నోళ్ల మీదే చదవొచ్చు. మన దగ్గర ఈ పరీక్ష 27 డిగ్రీల వేడిలో మూడు రోజులు చేస్తారు. చలి దేశాల్లో 20 డిగ్రీల దగ్గర ఐదు రోజులు పడుతుంది. మనకు కుళ్లడం కూడా తొందరే.

పట్టిక చూసినవాడికి వెంటనే తట్టేది, కాలవను సీవర్ అనిపించుకుంటే 600 దాకా వదలొచ్చు కదా అని. షెడ్యూలు రాసినవాళ్లకూ అది తట్టింది. అందుకే చిన్న అక్షరాల్లో ఒక మెలిక పెట్టారు. ఆ సీవర్ చివర సూక్ష్మజీవులతో శుద్ధిచేసే రెండో దశ ప్లాంటు ఉంటేనే ఈ సడలింపు. లేకపోతే సీవర్‌లో వదిలినా వాగులో వదిలినట్టే లెక్క. అంటే గొట్టానికి గౌరవం దాని చివర ఏముందన్నదాన్ని బట్టి. శుద్ధి ప్లాంటు దాకా పోని సైడు కాలవ 1974 చట్టంలో సీవర్, 1986 షెడ్యూలులో వాగు. ఒకే కాలవ, రెండు పుస్తకాల్లో రెండు పేర్లు. నా అభిప్రాయం అడిగితే రెండో పేరే నిజమైనది.

వంద మిల్లీగ్రాములంటే లీటరు నీళ్లకు చిటికెడు ఉప్పు కూడా కాదు. నా సీసా అడుగున బొటనవేలి మందం ఉంది. నేను ముంచినప్పుడు కాలవ అడుగు కదిలి ఉంటుంది, నిజమే. ఏ ల్యాబూ నా నమూనాను ఒప్పుకోదు. అయినా చూసిన కన్ను ఊరుకోదు.

నిండని ట్యాంకు

ఇక వాసనలో రెండోది. భూగర్భ డ్రైనేజీ లేని పట్టణాల్లో మరుగుదొడ్డి నీటికి దారి సెప్టిక్ ట్యాంకు. అందులో జరిగేది వంటింట్లో నెయ్యి కాచినప్పుడు జరిగేదే. మడ్డి అడుక్కి పోతుంది, తెట్టు పైకి తేలుతుంది, మధ్యలో తేట మిగులుతుంది. ఆ తేట ఇంకుడు గుంతలోకి పోయి నేలలో ఇంకాలి. మడ్డిని రెండు మూడేళ్లకోసారి బండి పిలిపించి తీయించాలి. ఐదుగురున్న ఇంటికి సుమారు ఐదడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, మూడడుగుల పైచిలుకు నీటి లోతు చాలని భారతీయ ప్రమాణాల పుస్తకం చెబుతుంది. మనవాళ్లు కట్టేది దానికి రెండింతలు, మూడింతలు.

మా ఇంట్లో పద్నాలుగేళ్లు ట్యాంకు తెరవలేదు. మా నాన్న అది తన గొప్పతనంగా చెప్పుకునేవాడు. "నే కట్టించిన ట్యాంకురా, మన తరంలో నిండదు" అని. చివరికి తెరిచినప్పుడు తెలిసింది. మేస్త్రీ కింద గచ్చు చేయలేదు. ట్యాంకు నిండలేదంటే గట్టిదని కాదు, కారిపోతోందని. కారింది ఎక్కడికో కాదు, పదిహేను అడుగుల దూరంలో ఉన్న మా బోరులోకి. ఆ నీళ్లతోనే ఇన్నేళ్లూ పిల్లలకు నోళ్లు కడిగాం.

ఇంకో రకం నిండని ట్యాంకు చీమకుర్తి లాంటి ఊళ్లలో ఎక్కువ. అడుగున రాయి, పైన రేగడి. వానాకాలం రేగడి ఉబ్బి చుక్క నీరు తాగదు, ఇంకుడు గుంత పొంగుతుంది. ఇంటాయన విసిగి ట్యాంకు పైపును సైడు కాలవలోకి తిప్పుతాడు. ఆ క్షణం నుంచి కాలవ పేరు మారిపోయింది. నిన్నటిదాకా అది వాన నీరు, స్నానాల నీరు పోయే కాలవ. ఇవాళ మరుగుదొడ్డి కాలవ. మన మున్సిపాలిటీల 1965 చట్టంలో వీధి మీదికి మురుగు వదలకూడదన్న కట్టడి ఎప్పటినుంచో ఉంది. ఆ పైపు రాత్రిపూట పెడతారు, బండ కప్పేస్తారు.

ఒక లెక్క చూడండి. గొట్టాల్లో మంచినీళ్లు ఉండి, భూగర్భ డ్రైనేజీ లేని పట్టణాలకు మనిషికి రోజుకు 70 లీటర్లు ఇవ్వాలని 1999 నాటి కేంద్ర ఇంజనీరింగ్ మాన్యువల్ అంది, డ్రైనేజీ ఉంటే 135. ఇచ్చిన నీటిలో 80 శాతం మురుగై బయటికొస్తుందని ఇంజనీర్ల అంచనా. వెయ్యిమంది ఉన్న వార్డులో 70 చొప్పున వేసుకున్నా రోజుకు 56 వేల లీటర్లు. ఇంటింటికీ కుళాయి ఇస్తామన్న రోజున పూలదండలు పడతాయి. ఆ 56 వేల లీటర్లు ఎటు పోతాయన్న రోజున సమావేశానికి కోరం ఉండదు.

మా ఇంటికి వచ్చిన బండి వాక్యూమ్ గొట్టం వేసి అరగంటలో మడ్డి లాగేసింది. డబ్బులిచ్చాక "ఎక్కడ పోస్తారయ్యా" అని అడిగాను. డ్రైవరు నవ్వి, "మీకెందుకు సార్, మీ ట్యాంకు ఖాళీ అయిందా లేదా?" అన్నాడు. నా ప్రశ్నకు జవాబు కోసమే 2017లో ఆంధ్రప్రదేశ్ మలవ్యర్థాల నిర్వహణ విధానం తెచ్చింది. దానికి ముందే, 2016లో వరంగల్ నగరపాలక సంస్థ బండ్లకు లైసెన్సు, డ్రైవర్లకు శిక్షణ, పోసే చోటు ఫలానా అని నిబంధనలు రాసుకుంది, మరుసటి ఏడు శుద్ధి కేంద్రం పెట్టింది. ఆ నిబంధనల బలం వాటి సాదాతనంలో ఉంది. ఎక్కడ లాగారు, ఎక్కడ పోశారు అని బండితో పాటు ఒక కాగితం నడుస్తుంది. లారీ రాళ్లకు వే బిల్లు రాసే చీమకుర్తికి ఇది అర్థంకాని విషయమేమీ కాదు.

మనిషి దిగే కన్నం

పూడిక తీయడానికి ఒకప్పుడు మనిషి దిగేవాడు. ఇప్పటికీ దిగుతున్నాడు. ట్యాంకులోనో మ్యాన్‌హోల్‌లోనో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ ముందు కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. లోపలి మనిషి "వాసన తగ్గిందిలే" అనుకునే క్షణమే ప్రమాదపు క్షణం. పైనున్నవాడు పిలిచి, పలకకపోతే తానూ దిగుతాడు. పేపర్లో ఇద్దరు, ముగ్గురు అని వచ్చే వార్తల వెనక ఎప్పుడూ ఇదే వరస.

పాకీపనిని నిషేధించిన 2013 చట్టం, రక్షణ లేకుండా సీవర్‌లోకి, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించడానికి 'ప్రమాదకర శుభ్రత' అని పేరుపెట్టి దాన్నీ నిషేధించింది. మొదటిసారికి రెండేళ్ల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు ఇలా చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. ఈ పోరాటానికి ముఖం బెజవాడ విల్సన్. కోలార్ బంగారు గనుల్లో పాకీపని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టి, ఆ పని మాన్పించడానికే జీవితం పెట్టి 2016లో మెగసెసే అందుకున్న మనిషి. ఆయన ఉద్యమానికి అండగా నిలిచినవారిలో ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్.శంకరన్ ఒకరు. నిబంధనలు చాలావరకు ఎవరో పోయాక రాసినవే.

2023 కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో 'మ్యాన్‌హోల్'ను 'మెషిన్‌హోల్'గా మారుస్తామన్నారు. ఒక మాట తీసి ఇంకో మాట పెట్టడం తేలిక. మెషిన్ కొనడం, దాన్ని సందులోకి పోనివ్వడం కష్టం. హైదరాబాద్ జలమండలి 2017లో ఇరుకు వీధుల కోసం 70 చిన్న జెట్టింగ్ బండ్లు దించి, దళిత పారిశ్రామికవేత్తల చేత నడిపించింది. మాటకు బండి తోడైతే ఎలా ఉంటుందో అది ఉదాహరణ. స్వచ్ఛభారత్ రెండో విడతలో, 2021 నుంచి, లక్షలోపు జనాభా పట్టణాలకు మురుగునీటి పనులకు డబ్బు కేటాయిస్తూ కాగితాల మీద 'వేస్ట్ వాటర్' అన్న మాటకు బదులు 'యూజ్డ్ వాటర్' అని రాస్తున్నారు. వాడిన నీరు. మా అమ్మమ్మ వింటే, అదేదో కొత్త సంగతైనట్టు చెబుతారేంట్రా అనేది.

డాలస్‌లో ఉండే మా పిన్ని కూతురు ఒకసారి ఫోన్లో తన మురుగు బిల్లు గురించి చెప్పింది. నీళ్ల బిల్లు వేరు, మురుగు బిల్లు వేరు. మురుగుకు మీటరు ఉండదు కాబట్టి చలికాలం నెలల్లో ఇల్లు ఎన్ని నీళ్లు వాడిందో చూసి, దాని సగటు మీద ఏడాది పొడుగునా వసూలు చేస్తారట. ఎండాకాలం నీళ్లు గడ్డికి పోతాయి, కాలవకు కాదు కదా అని. నీటికి దారి ఏదని అడిగి బిల్లు వేయడం నాకు కుడితి తొట్టి లెక్కలా అనిపించింది. మన 1965 చట్టమూ ఆస్తిపన్నులో నీటి, డ్రైనేజీ పన్నుకు ఒక భాగం పెట్టింది. డిమాండ్ నోటీసు అందుకున్నప్పుడు మొత్తం చూసి నిట్టూరుస్తాం, అందులో కాలవ వాటా ఎంతో చదివే ఓపిక ఎవరికుంది? "అన్నయ్యా, వడలు కాల్చిన నూనె సింకులో పోస్తే ఇక్కడ ఉత్తరం వస్తుంది" అని కూడా చెప్పింది. చీమకుర్తిలో ఉత్తరం రాదు. నూనె, రాతిపిండి కలిసి కాలవలో సిమెంటు అవుతాయి. వార్డు మొత్తానికి ఒకేసారి తెలుస్తుంది.

సీసా ఇంకా కిటికీ గట్టు మీదే ఉంది. పారబోద్దామని రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను. సింకులో పోస్తే రాతిపిండి మా పైపులో కూర్చుంటుంది. పెరట్లో పోస్తే పాత బోరు గుర్తొస్తుంది. మా వీధి కాలవలో పోస్తే అది సీవరో వాగో, ఇంకా కనుక్కోలేదు. ఎండకు నీళ్లు సగానికి దిగాయి, తెట్టు గాజుకు అంటుకుపోయింది. అడుగు ముద్ద మాత్రం ఒక్క పిసరు తగ్గలేదు.